మేత కోసం దిగిరాని మేక



సూరత్ నగరం సముద్రమట్టానికి సుమారు 13 మీటర్ల ఎత్తున ఉంది. మనం ఇప్పుడు చెప్పుకోబోయే జంతువు ఉండేచోట నేల 3500 మీటర్ల నుంచే మొదలవుతుంది. అది ఐబెక్స్. కొండమేక అందాం. హిమాచల్‌ప్రదేశ్‌లోని స్పితి ప్రాంతంలో, 1987లో ఏర్పడిన పిన్ వ్యాలీ జాతీయ పార్కులో ఇది కనిపిస్తుంది.

లింబాయత్‌లో ఉంటూ సాంచెలు నడిపేవారు మీలో ఉన్నారు. నూలు సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. అందుచేత దాని ఒంటి నుంచే మొదలుపెడతాను. పైన ముతక వెంట్రుకలు, వాటి కింద సన్నని మెత్తని ఉన్ని. లడఖ్‌లో పెంపుడు మేకల నుంచి దువ్వితీసే ఇటువంటి లోపలి ఉన్నితోనే పష్మీనా శాలువలు నేస్తారు. కొండమేకకు చలికాలానికి ముందు పెరిగిన ఈ ఉన్ని ఎండలు ముదరగానే కుచ్చులుగా రాలిపోతుంది.

సూరత్‌లో ఒక సంపర్క తరగతిలో ఈ సంగతి చెబుతున్నాను. రాత్రిపాళీ ముగించుకొని నేరుగా వచ్చిన సిరిసిల్ల అభ్యాసకుడు ఒకరు లేచి అడిగారు: "మీద అంత మంచు, మేత లేదంటున్నరు. కిందికి దిగొచ్చు గద సార్? మేం రాలేదా?"

తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. జవాబు చదివే ముందు మీరు కూడా పుస్తకం మూసి ఒక నిమిషం ఆలోచించండి.

చదునునేల మీద కొండమేకను తోడేలు సులువుగా పట్టుకోగలదు. నిటారు బండల మీద అది సాగదు. కొండమేక గిట్ట అంచు గట్టిగా ఉండి రాతి పగుళ్లలో నిలుస్తుంది. లోపలి మెత్తని భాగం జారకుండా పట్టు ఇస్తుంది. అందుకే మేత ఎంత ఉన్నా, పారిపోవడానికి దగ్గరలో కొండచరియ లేనిచోట అది నిలవదు. చలికాలంలో కొంత కిందికి దిగినా ఆ చరియలను వదలదు. నిటారు వాలుపై మంచు ఎక్కువగా నిలవదు, దక్షిణముఖంగా ఉంటే ఎండకు త్వరగా కరుగుతుంది కూడా. అలా బయటపడిన ఎండుగడ్డే దాని ఆహారం. అక్కడ భయం బొత్తిగా లేదని కాదు. మంచుచిరుత వేటాడేది ఆ చరియల మీదనే.

మగవాటి కష్టం వేరు. చలికాలం మొదట్లో జతకట్టే రుతువులో పోట్లాటల్లో పడి సరిగా మేయవు. వేసవిలో కూడబెట్టుకొన్న కొవ్వు కరిగిపోతుంది, ఎదుట చలికాలమంతా మిగిలే ఉంటుంది. పిల్లలు పుట్టేది లేతగడ్డి మొలిచే వేసవి మొదట్లో.

ఆ గడ్డికి మరొకరు కూడా వస్తారు. వేసవిలో వలస కాపరులు గొర్రెలు, మేకల మందలతో పిన్ లోయకు చేరుకొంటారు. మందలు మేసే బయళ్ల నుంచి కొండమేకలు పక్కకు తప్పుకొంటాయని పరిశోధకులు గమనించారు. ఇందుకు కాపరులను తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు. ఇంటికి దూరంగా వచ్చిన వారిదీ బతుకుదెరువే. మంచు పడేలోగా మందలు దిగిపోతాయి. అవి మేయగా మిగిలిన గడ్డితోనే కొండమేక చలికాలం గడపాలి.