కలకత్తా సందులో యుద్ధస్మృతుల అంగడి

కలకత్తా అనగానే మనకు కాళీఘాట్, హౌరా వంతెన, రసగుల్లా జ్ఞప్తికి వస్తాయి. 2001లో ఆ నగరం పేరు అధికారికంగా కోల్‌కతా అయినప్పటికీ, మా తరంవారి నోటికి కలకత్తా అన్న పిలుపే అలవాటు. గత శీతకాలంలో సంస్థ పనిమీద మేము ముగ్గురు ఇంజనీర్లం ఆ నగరానికి వెళ్ళవలసివచ్చింది. విశాఖలో హౌరా మెయిలు ఎక్కి, శనివారానికి చేరుకున్నాము. పని సోమవారం మొదలవుతుంది. నడుమ లభించిన ఆదివారాన్ని విక్టోరియా మెమోరియల్, జాదూఘర్ చూడడానికి వినియోగించాలని ముందు అనుకున్నాము. కాని ఆ రోజంతా ఒక ఇరుకు సందులోని చిన్న అంగడిలో గడిచిపోయింది. ఆ అనుభవాన్ని తోటి ఉద్యోగులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ అంగడిని గురించి చెప్పేముందు, అటువంటి వ్యాపారం కలకత్తాలోనే ఎందుకు వేళ్ళూనుకున్నదో చెప్పవలసి ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో బర్మా జపాను వశమైన తరువాత కలకత్తా యుద్ధరంగానికి ముఖద్వారమయింది. 26,500 టన్నుల ఉక్కుతో, నట్టుగాని బోల్టుగాని లేకుండా కేవలం రివెట్లతో కూర్చిన హౌరా వంతెన 1943 ఫిబ్రవరిలో, ఆ యుద్ధం నడుమనే వాడుకలోకి వచ్చింది. మైదానం పక్కనున్న రెడ్ రోడ్డును యుద్ధవిమానాలకు రన్‌వేగా మార్చారు. నేడు గణతంత్ర దినోత్సవ కవాతు జరిగే ఆ బాటపై ఆనాడు హరికేన్ విమానాలు దిగేవి. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపై బాంబులు వేసిన జపాను, అదే ఏడాది డిసెంబరులో కలకత్తాపై, 1943 డిసెంబరు 5న పట్టపగలే కిదిర్‌పూర్ రేవుపై దాడి చేసింది. అస్సాము నుండి హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు చేరవేసిన అమెరికన్ విమానదళానికి ఈ రేవే ఆధారం.

యుద్ధం ముగిశాక సైన్యాలు వెళ్ళిపోయాయి, సామగ్రి మిగిలిపోయింది. మిగులు డకోటాలతో దేశంలో ఎన్నో విమాన సంస్థలు వెలిశాయి. హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్ ప్రస్థానం కూడా డకోటాలతోనే సాగింది. మళ్ళీ ఎగరకుండా పాడుచేసి కాన్పూరులో వదలివెళ్ళిన లిబరేటర్ బాంబర్లను బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజనీర్లు బాగుచేయగా, మన వాయుసేన వాటిని 1968 వరకు నడిపింది. ప్రభుత్వరంగంలో పనిచేసే మనవంటివారు గర్వించదగిన ఘట్టమిది. అయితే విమానం వేరు, విమానం నుండి విడివడిన వస్తువు వేరు. విడి వస్తువులు పాత ఇనుము వర్తకుల గోదాముల్లోకి, అక్కడినుండి ఇళ్ళ అటకలమీదికి చేరాయి.

ఆదివారం ఉదయం మేము మొదట వెళ్ళింది రసెల్ వీధికి. అక్కడ 1940లో స్థాపితమైన రసెల్ ఎక్స్‌ఛేంజ్ అనే వేలంశాల ఉంది. ఒకప్పుడు ఆ పరిసరాలలో ఇటువంటివి అనేకం ఉండేవట. దొరల బంగళాల నుండి, జమీందారుల హవేలీల నుండి వచ్చిన బల్లలు, షాండిలియర్లు, గ్రామఫోనులు చూస్తూ నిలబడిన మమ్మల్ని ఒక వృద్ధుడు పలకరించాడు. మాలో ఒకరు పాత పీడనమాపకాన్ని తిప్పి తిప్పి చూడడం ఆయన కంట బడిందట. "ఇంజనీరు బాబులా? మీకు నచ్చేవి నా దుకాణంలో ఉన్నాయి, రండి" అని హిందీలో ఆహ్వానించి, ఫ్రీ స్కూల్ వీధి వెనుక సందులోకి తీసుకువెళ్ళాడు.

పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు గల గది. నేలనుండి కప్పువరకు చెక్క అరలు. గాజు కింద పతకాలు, రెజిమెంటు బొత్తాములు, తోలు టోపీలు, దిక్సూచులు, విమానపు గడియారాలు, ఆల్టిమీటర్లు. ఒక మూల టీ పొయ్యి. దాని ప్రక్కన బల్లమీద పనిచేసుకుంటున్న పదిహేడేళ్ళ మనుమడు. దాదా అని మేము పిలిచిన ఆ పెద్దాయన తండ్రి యుద్ధానంతరం డిస్పోజల్ వేలాలలో ఇనుము కొన్నవాడట. "తండ్రిగారు తూకానికి కొన్నారు, నేను కథకు అమ్ముతున్నాను" అని ఆయన నవ్వుతూ అన్న మాటలో ఆ వ్యాపారపు మర్మమంతా ఉంది.

ఈ వర్తకంలో పెట్టుబడి ఏళ్ళ తరబడి అరలోనే నిద్రపోతుంది. పాత ఇల్లు ఖాళీచేసేవారు, ఓడలు విడగొట్టేవారు, వేలంశాలలు సరుకు తెచ్చే దారులు. సంగ్రాహకులు, సినిమా కళాదర్శకులు, హోటళ్ళ అలంకరణకర్తలు కొనుగోలుదారులు. ధర నిర్ణయించేది లోహం కాదు, నిజత్వం. బ్రిటిషు సామగ్రిపై బాణపు గుర్తు, వాయుసేన పరికరమైతే కిరీటం కింద 'ఏ.ఎం.' అనే అక్షరాలు, '6ఏ'తో మొదలయ్యే సంఖ్య ఉండాలి. మన స్టోర్సులో కోడు సంఖ్య చూసి విడిభాగాన్ని గుర్తుపట్టినట్లే ఆయన ఆ సంఖ్యలను చదువుతాడు. అమెరికన్ సైనికుల భుజపు బిళ్ళలు కొన్ని ఇక్కడి పనివారు జరీతో కుట్టినవే. భారత తార, చైనా సూర్యుడు, కింద ఎర్ర తెల్ల చారలు. వాటికి నకిలీలు విరివిగా వస్తున్నాయి. అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే నేటి కృత్రిమ దారం తెల్లగా మెరిసి గుట్టు విప్పుతుంది.

పతకాల అరలో ఒక బర్మా స్టార్ మమ్మల్ని ఆకర్షించింది. బ్రిటిషు సైనికులకిచ్చిన ఈ తారలపై పేరు ఉండదు. మన సైనికుల వాటిపై పేరు అచ్చువేసి ఇచ్చారు. దీని వెనుక మద్రాసు శాపర్ల దళానికి చెందిన ఒక దక్షిణాది సిపాయి పేరు ఉంది. తెలుగువాడో తమిళుడో చెప్పలేము. అడవిలో వంతెనలు కట్టి, బాటలు వేసి సంపాదించిన ఆ తార ఏ కష్టకాలంలో ఇల్లు దాటిందో! "ఇంటివారు వెతుక్కుంటూ వస్తే కొన్న ధరకే ఇస్తాను. ఇరవై ఏళ్ళలో ఇద్దరే వచ్చారు" అన్నాడు దాదా.

ఆయనకు కొన్ని నియమాలున్నాయి. తుపాకి, తూటా గడప తొక్కరాదు. ఆయుధాల చట్టంతో చెలగాటం వద్దంటాడు. నూరేళ్ళు నిండిన చారిత్రక వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నిషిద్ధం. మొదటి ప్రపంచయుద్ధపు వస్తువులు ఆయన అరలో కూర్చునే ఆ వయస్సుకు చేరుకున్నాయి. "చట్టం నా దుకాణంలోనే పెరిగి పెద్దదయింది బాబూ" అని చమత్కరించాడు.

అప్పుడే మా దృష్టి మనుమడి పనిపై పడింది. అతడు ఒక ఆల్టిమీటరు అద్దం విప్పి, అంకెలపై గోధుమరంగుకు తిరిగిన పాత రంగును చాకుమొనతో గీకి, కొత్త మెరుపు రంగు పూస్తున్నాడు. గీకిన పొడిని నోటితో ఊదుతున్నాడు. ప్రక్కనే టీ గ్లాసు. చీకటిలో మెరిసే డయలు సులువుగా అమ్ముడుపోతుందట.

మా ముగ్గురికీ ఒళ్ళు జలదరించింది. ఆ కాలపు విమాన పరికరాలలో చీకటి వెలుగుకోసం రేడియం కలిపిన రంగు వాడేవారు. రేడియం కిరణాలు తగిలి జింకు సల్ఫైడ్ మెరుస్తుంది. కొన్నేళ్ళకు ఆ జింకు సల్ఫైడ్ అలసి మెరుపు ఆగిపోతుంది. రేడియం మాత్రం ఆగదు. దాని అర్ధాయువు 1,600 ఏళ్ళు. 1942లో పూసిన దానిలో నూటికి తొంభైఆరు వంతులకు పైగా నేటికీ మిగిలే ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అనే మాటకు ఇంతకన్న తగిన ఉదాహరణ దొరకదు. ఇంతకు మునుపు అమెరికాలో, 1920ల నాటికి, గడియారాలకు ఈ రంగు పూసే యువతులు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకునేవారు. దవడ ఎముకలు కుళ్ళి ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

చెప్పినంత మాత్రాన దాదా నమ్మలేదు. "మా నాన్నగారు ఎనభైమూడేళ్ళు బ్రతికారు" అన్నాడు. ఆయన సందేహం సహజమే. కొత్త రంగు పూసిన డయలుకు రెట్టింపు ధర వస్తుంటే ముక్కూ ముఖం తెలియని ముగ్గురు వచ్చి వద్దంటే ఎవరు వింటారు? మాలో ఒకరు వెల్డుల రేడియోగ్రఫీ విభాగంలో పనిచేసే మిత్రులు. సోమవారపు పనికోసం సర్వే మీటరు వెంట తెచ్చుకున్నారు. బసకు వెళ్ళి దానిని పట్టుకువచ్చాము. అరలోని ఇరవైమూడు డయళ్ళను ఒక్కొక్కటిగా దాని ముందుంచాము. తొమ్మిదింటికి ముల్లు కదలలేదు. పధ్నాలుగింటికి కదిలింది. చివరకు మీటరును మనుమడి పనిబల్లపై ఉంచగా, డయలేమీ లేకపోయినా ముల్లు లేచింది. ఆ కుర్రవాడు చాకు క్రింద పెట్టి తన చేతులవంక చూసుకున్నాడు. దాదా ముఖంలో అంతవరకూ ఉన్న నవ్వు మాయమయింది.

భయపెట్టి వదలివేయడం ఇంజనీరు ధర్మం కాదు. అద్దం బిగించి ఉన్న డయలును అరలో ఉంచి దూరంనుండి చూడడం వల్ల ముప్పు స్వల్పమనీ, అసలు ప్రమాదం పొడి శ్వాసలోకి, కడుపులోకి పోవడమనీ వివరించాము. ఇకపై ఏ డయలునూ విప్పరాదు. బల్లను చీపురుతో గాక తడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డను సంచిలో మూసి వేరుగా ఉంచాలి. టీ పొయ్యి గదిలో ఉండరాదు. రేడియం నుండి రేడాన్ వాయువు పుడుతుంది కనుక గదికి గాలి ఆడాలి. ఆ పధ్నాలుగింటినీ పాత ఇనుములో కలపరాదు. అణుశక్తి నియంత్రణ మండలివారి సలహా పొందాలి. కుర్రవాడిని వైద్యునికి చూపాలి. ఇవన్నీ మా మిత్రుడు కాగితంపై వ్రాయగా, దాదా వాటిని బెంగాలీలో తిరగవ్రాసి గోడకు అంటించాడు.

"కొన్నవారికి ఏమని చెప్పను?" అని ఆయన అడిగిన ప్రశ్నకు మా వద్ద సిద్ధమైన సమాధానం లేదు. కాసేపటికి ఆయనే అన్నాడు: "నా పుస్తకంలో పేర్లున్నాయి. ఉత్తరాలు వ్రాస్తాను. విప్పవద్దని చెబుతాను. ఈ వ్యాపారంలో నిజం చెప్పేవాడికే గిరాకీ." ఆ ఉత్తరాల వల్ల ఎన్ని బేరాలు పోతాయో ఆయనకు తెలియనిది కాదు.

పని ముగించుకొని తిరుగు ప్రయాణానికి ముందు మరొకసారి ఆ సందుకు వెళ్ళాము. టీ పొయ్యి వీధి అరుగుమీదికి వచ్చింది. పధ్నాలుగు డయళ్ళు ఇనుప పెట్టెలో తాళం కింద ఉన్నాయి. మనుమడు బొత్తాములు తుడుస్తున్నాడు. వైద్యపరీక్షలకు వెళ్ళివచ్చాడనీ, ఫలితాలు రావలసి ఉన్నదనీ చెప్పారు. మేము బర్మా స్టార్ ధర అడిగాము. దాదా తల అడ్డంగా ఆడించి, "మీ ప్రాంతంలో ఆ పేరుగల కుటుంబాన్ని వెతకండి. దొరికితే వారినే పంపండి" అన్నాడు. పేరూ, సంఖ్యా వ్రాసుకున్నాము. వెతుకుతున్నాము.

2017లో విరమణ పొందిన టి.యు.-142 విమానాలలో ఒకటి మన విశాఖ సముద్రతీరంలోను, మరొకటి కోల్‌కతా న్యూటౌన్‌లోను ప్రదర్శనశాలలయ్యాయి. పెద్ద యంత్రాలకు ఆ గౌరవం దక్కుతుంది. చిన్న పరికరాల చరిత్రను ఇటువంటి అంగళ్ళే కాపాడుతున్నాయి. కాని కాపాడేవాని చేతికి ఆ వస్తువులో ఏమున్నదో తెలియాలి. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక విద్యాసంస్థ వేలం వేసిన పాత యంత్రంలోని కోబాల్టు-60 వల్ల ఒక కార్మికుడు మరణించాడు. అమ్మినవారికీ కొన్నవారికీ అందులో ఏముందో తెలియకపోవడమే ఆ విషాదానికి మూలం.

తిరిగివచ్చిన వారంలో మేము మొట్టమొదట చేసిన పని, మీటరు పట్టుకొని మన స్క్రాప్ యార్డులోని పాత పరికరాల గదిని పరిశీలించడం. ముల్లు కదలలేదు. అయినా ఇకపై ఏ పాత డయలునైనా వేలానికి పంపేముందు ఒకసారి పరీక్షించాలని ఆ గది తలుపుపై ఒక కాగితం అంటించాము. అందులోని మాటలు దాదా గోడమీదివే. తెలుగులో వ్రాశాము, అంతే.