సుక్కురోరం పుట్టిన పిల్ల

1996 జులై. అరకు లోయలో వాన పట్టుకుని వదలడం లేదు. నేను పనిచేస్తున్న గిరిజన ఆశ్రమ పాఠశాల వరండాలో బల్ల వేసుకుని, అడ్మిషన్ రిజిస్టరు తడవకుండా కింద గోనె పరుచుకుని కూర్చున్నాను. ఒకాయన అడ్డాకుల గిడుగు కింద కూతుర్ని భుజాన ఎక్కించుకుని వచ్చాడు.

"పేరు?"

"సుక్రి."

"ఎప్పుడు పుట్టింది?"

"సుక్కురోరం బాబూ. సంత రోజు."

అరకు సంత శుక్రవారం. అక్కడ చాలామందికి పుట్టిన వారమే పేరు. సోమవారం పుడితే సోంబారి, బుధవారమైతే బుద్రి, శుక్రవారమైతే సుక్రి. నెల ఏదని అడిగాను. "కొర్ర కొత్త తిన్నాక రెండో సంత" అన్నాడు. ఆ ఊళ్ళో కొత్త పంట ఏదైనా ముందు దేవతకి పెట్టి, పండగ చేసుకుని, ఆ తరవాతే నోట పెట్టుకుంటారు. కొర్రకి పెట్టే పండగ కొర్ర కొత్త. సంవత్సరం మాత్రం ఆయనకి తెలీదు. పిల్ల కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నాను. వేళ్ళు అందాయి. అయిదేళ్ళు నిండినట్టే.

1-7-1991 అని రాశాను.

ఆ వారం చేరిన పిల్లలందరికీ అదే తేదీ వేశాను. నాకు ముందున్న మాస్టర్లూ అలాగే వేశారు. కళ్ళెదుట మెట్ట మీద కొర్ర ఇంకా జానెడు ఎత్తున ఉంది. ఆ పంట కోతకొచ్చి, కొత్త తిన్న తరవాత పుట్టిన పిల్లకి జులై ఒకటి వేస్తున్నానని నాకు తెలుసు. తెలిసే రాశాను. పిల్లని బడిలో కూర్చోబెడితే చాలనుకున్నాను.

సుక్రి 2006లో పది పాసయింది. నర్సింగు చదివింది, విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరింది. 2015లో గల్ఫులో ఒక ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. అప్పుడు నా దగ్గరికి వచ్చింది, ముఖం వాడిపోయి.

"మాస్టారూ, పుట్టిన సర్టిఫికెట్ కావాలంట."

అప్పటి నియమం అది. 1989 జనవరి 26న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు పాస్‌పోర్టు కావాలంటే జనన ధ్రువపత్రమే చూపాలి. అంతకుముందు పుట్టినవాళ్ళకి బడి కాగితం సరిపోయేది. ఆ నియమం రాసినవాళ్ళ మనసులో ఆసుపత్రిలో పుట్టి, మునిసిపాలిటీ పుస్తకంలోకి ఎక్కిన పిల్లలే ఉండి ఉంటారు. సుక్రి ఇంట్లో, పొయ్యి పక్కన పుట్టింది. బొడ్డు కోసింది వాళ్ళ నాయనమ్మ. పంచాయతీ పుస్తకంలో పేరెక్కించాలని చెప్పినవాళ్ళే లేరు.

ఏడాది దాటిన జననం నమోదు చేయించాలంటే పుస్తకంలో పేరు లేదని ముందు ఒక కాగితం పుట్టించాలి. దాన్ని పట్టుకుని పైఅధికారి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ అమ్మాయి సెలవులన్నీ దానికే ఖర్చయ్యాయి. ఒక ఆఫీసులో సంతకం పెట్టే మనిషి లేడన్నారు. ఇంకోచోట సాక్షులు కావాలన్నారు. వాళ్ళ నాయనమ్మ అప్పటికి లేదు. తొమ్మిది నెలలు గడిచాయి, ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళిపోయింది.

ఇన్ని కాగితాలు దేశం దాటడానికి. రాష్ట్రం దాటడానికి వాళ్ళకి ఒక్కటీ అక్కర్లేదు. సుక్రి తల్లి పుట్టిల్లు ఒరిస్సాలో, కోరాపుట్ జిల్లాలో. పడువా వైపు చుట్టాలింటికి పెళ్ళికో చావుకో వెళ్తే కాలిబాటన రాష్ట్రం దాటిపోతారు. ఎవరూ ఏమీ అడగరు. అటువాళ్ళూ కిల్లోలూ కొర్రాలూ పాంగిలే. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద. వంశం పేరు చెబితే చాలు, ఎవరిని చేసుకోవచ్చో ఎవరిని చేసుకోకూడదో తేలిపోతుంది.

2016 డిసెంబరులో నియమం సడలించారు. పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్టో, ఆధారో, పాన్ కార్డో చూపినా చాలన్నారు. పేపర్లో చదివి వెంటనే ఫోను చేశాను. మళ్ళీ ఆశ పుట్టింది, మళ్ళీ ఒక ముడి పడింది. పది సర్టిఫికెట్‌లో కిల్లో అన్న ఇంటిపేరుకి ఇంగ్లీషులో రెండు 'ఎల్'లు, ఆధార్‌లో ఒకటే 'ఎల్'. పైగా ఆధార్ తీసినాయన పుట్టిన తేదీ జనవరి ఒకటి అని కొట్టేశాడు. ఆ కొండల్లో వయసు చెప్పలేని పెద్దవాళ్ళలో ఎంతమంది కార్డులు చూశానో, అన్నిట్లోనూ జనవరి ఒకటే. నా జులై ఒకటికి తమ్ముడన్నమాట. ఆధార్ సరిచేయించాం. సరిచేయడానికి ఆధారం మళ్ళీ పది సర్టిఫికెట్టే, అంటే నా చేతిరాతే.

2017లో కిరండూల్ పాసింజరెక్కి ఇద్దరం విశాఖ దిగాం. అప్పటికి నేను రిటైరయ్యాను. పాస్‌పోర్టు సేవా కేంద్రం లోపలికి ఆమెనొక్కదాన్నే పంపించారు. నేను బయట చెట్టు కింద నిలబడ్డాను. వేలిముద్రలు తీసుకుని, కాగితాలు చూసి, మూడు కౌంటర్లు దాటించి గంటన్నరలో పంపేశారు. ఒక్కటే అడిగారట, ఇంటి నంబరూ వీధి పేరూ ఏమని. వాళ్ళ ఊళ్ళో వీధి లేదు, ఒక రావిచెట్టూ రెండు వరసల ఇళ్ళూ ఉన్నాయి. పది పాసయింది కాబట్టి పాస్‌పోర్టులో 'వలస అనుమతి కావాలి' అన్న ముద్ర పడదన్నారు. ఏడో తరగతితో మానేసిన వాళ్ళన్నకైతే ఆ ముద్ర పడేది.

పోలీసు విచారణ అయ్యాక పుస్తకం స్పీడు పోస్టులో వచ్చింది. కబురు పెడితే వాళ్ళ ఊరు వెళ్ళాను. వాళ్ళమ్మ చేతులు కడుక్కుని, చీరకి తుడుచుకుని పుస్తకం అందుకుంది. నీలం అట్ట మీద బంగారు రంగు సింహాలని వేలితో తడిమింది. ఫొటో చూసి నవ్వింది. ముప్ఫై ఆరు పేజీలూ ఒకటొకటిగా తిప్పింది. చివరికి నా వైపు చూసి అడిగింది.

"ఇందులో సుక్కురోరం ఏదీ బాబూ?"

సుక్రి ఫోనులో క్యాలెండరు తీసి వెనక్కి వెనక్కి జరిపి, 1991 దగ్గర ఆగింది.

"మాస్టారూ, ఆ రోజు సోమవారం."

ఆ తేదీ ఎక్కణ్ణించి వచ్చిందో తల్లీకూతుళ్ళిద్దరికీ చెప్పాను. గోనె మీద పెట్టిన రిజిస్టరు గురించీ, పిల్లలందరికీ వేసిన ఒకే తేదీ గురించీ చెప్పాను. నన్ను ఒక్క మాట అనలేదు. తల్లి వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టింది. కొర్ర కొత్త, ఆ తరవాత ఒక సంత, రెండో సంత. లెక్క సరిగ్గానే ఉంది. కాని ఆ ఏడు కొర్ర కొత్త ఏ రోజు చేశారు? ఆ రోజు పెట్టేది ఊరి దిసారి. చుక్కలు చూసి, ఊరి పెద్దల్తో మాట్లాడి ఆయన చెప్పిన రోజే పండగ. ఆ దిసారి 1996లో బడికి కూతవేటు దూరంలోనే ఉండేవాడు. అప్పుడు వెళ్ళి అడిగి ఉంటే, ఏ ఏడు ఏ రోజు పండగ పెట్టాడో ఆయన చెప్పగలిగేవాడేమో. నేను వెళ్ళలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

పాస్‌పోర్టు వచ్చిన ఏడాదే సుక్రి గల్ఫుకి వెళ్ళింది. ఏటా జులై ఒకటిన ఆసుపత్రిలో తోటివాళ్ళు కేకు కోయిస్తారు, ఆ ఫొటో నాకు పంపుతుంది. వాళ్ళమ్మకి పంపదు. ఊళ్ళో కొర్ర కొత్త ఎప్పుడైందో అన్నని అడిగి తెలుసుకుని, ఆ తరవాత రెండో శుక్రవారం సాయంత్రం వాళ్ళమ్మకి ఫోను చేస్తుంది.