పదహారు తెలుపులు

మొన్న వేసవిలో నా ముందుపన్ను ఒకటి సగానికి విరిగింది. మునగాలలో పాఠాలు చెప్పుకునేవాడికి నోరే పనిముట్టు గదా. కోదాడ వెళ్ళి తొడుగు వేయించుకోవలసి వచ్చింది.

డాక్టరు కుర్రవాడే గాని పనిమంతుడు. పన్ను అరగదీయక ముందే రంగు చూడాలన్నాడు. నోరు తెరిచి వుంచితే పళ్ళు ఆరి, వున్నదానికంటె తెల్లగా కనిపిస్తాయట. ట్యూబులైటు ఆర్పి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఒక వెలుతురులో కలిసిన రంగు మరో వెలుతురులో విడిపోతుంది. భుజం మీది ఎర్ర కండువా తీయించాడు. (రాజకీయం కాదు, ఎరుపు పక్కన కన్ను మోసపోతుంది.) తర్వాత జర్మనీ వీటా కంపెనీవారి నమూనా పళ్ళు తీశాడు. మొత్తం 16 రంగులు. ఒక్కొక్కటీ నా పళ్ళ పక్కన పెట్టి, రెండు క్షణాలు చూసి, కళ్ళు తిప్పుకుని మళ్ళీ చూశాడు. ఒక్కటీ కలవలేదు.

ఎలా కలుస్తుంది? నేను పుట్టింది మర్రిగూడ వైపు మెట్టపల్లెలో. నా పళ్ళ మీద సున్నపు మచ్చలు, మధ్యన గోధుమ చారలు. పంటి పైపొర తయారయ్యే పసితనంలో తాగిన ఫ్లోరైడు నీరు లోపలినుంచి వేసిన రంగు అది, తోమితే పోదు. మన దేశంలో యీ జబ్బును 1937లోనే, నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మునగాల మీదుగా సాగింది. ఎత్తున వున్న మా పల్లె దాని దారిలో లేదు. మాకు బావినీళ్ళే, ఆపైన బోరునీళ్ళు.

"లేతరంగుది వేస్తాను సార్. బాగుంటే మిగతావాటికీ వేసేద్దాం. అచ్చం సహజంగా వుంటాయి," అన్నాడు.

యీ సహజమనే మాట దగ్గరే నాకు పేచీ. మా వూళ్ళో నా యీడువాళ్ళ పళ్ళన్నీ యిలాగే వుండేవి. పట్నంలో చదివే రోజుల్లో పెదవి విప్పకుండా నవ్వడం నేర్చుకున్నాను. మా చెల్లెలి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు దాని చదువు సంగతి అడగలేదు, ఒకసారి నవ్వమన్నారు. సంబంధం తప్పిపోయింది. సౌందర్యం మీద మనం పేజీలు నింపుతాం; ఆ కొలబద్దను ఎవరి నోటినుంచి తీశారో అడగం.

అట్లా అని మచ్చను కీర్తించలేను. మా అమ్మ నడుము వంగింది ఆ నీటితోనే.

అయినా చారలతోనే చెయ్యమన్నాను. డాక్టరు ఫోటో తీసి, మచ్చల పటం గీసి హైదరాబాదు పంపాడు. ఖర్చు కాస్త పెరిగింది.

"డబ్బిచ్చి గార కొనుక్కున్నావా నాన్నా?" అని నవ్వింది మా అమ్మాయి. దాని పళ్ళు తెల్లనివి. కాలువ నీళ్ళు తాగి పెరిగిన పిల్ల. జవాబు తోచలేదు.

పదిరోజులకు తొడుగు వచ్చింది. గోధుమ చార మరీ తిన్నగా, గీటుబద్ద పెట్టి గీసినట్టు వుంది. మళ్ళీ పంపించాం.