మూత లేని శాండ్విచ్

శాండ్విచ్ పైముక్క తీసేస్తే అది అరకొర తిండి అని చాలామంది అభిప్రాయం. పండూ చీజూ పెట్టుకునేటప్పుడు మాత్రం ఆ పైముక్కే అడ్డు. రెండు ముక్కల మధ్య నొక్కితే మగ్గిన అంజీర చితికి రసం కారుతుంది, రొట్టె ముద్దవుతుంది, నోటికి పిండే ఎక్కువ తగులుతుంది. డెన్మార్క్ వాళ్లు రై రొట్టె మీద చేపో మాంసమో అమర్చి, మూత లేకుండా, చాకూ ఫోర్కులతో తినే స్మోర్‌బ్రోడ్‌లో వెన్నని అంచుల దాకా పూస్తారు. అది రుచికే కాదు, కొవ్వు పొర ఉంటే తడి కిందికి దిగదు. ఇటలీలో ఆ కాపలా చీజ్‌ది. కాల్చిన రొట్టె మీద ముందు రికోటా చీజ్ దట్టంగా పరిచి, ఆపైనే అంజీర ముక్కలు పెట్టాలి. వరస తిరగేస్తే రొట్టె నానిపోతుంది.

ఇందులో వంట ఏముంది, పేర్చడమే కదా అనవచ్చు. నిజమే, వంటంతా ముందే అయిపోయింది: పిండి పులిసినప్పుడు, పాలు విరిగినప్పుడు, చెట్టు మీద పండు మగ్గినప్పుడు. అందుకే ఇక్కడ చేతి నేర్పు కన్నా రుతువుదే పెత్తనం. అంజీర గానీ స్ట్రాబెర్రీ గానీ కోశాక ఇక తీపెక్కవు. తొందరపడి కోసిన కాయని ఏ చీజూ గట్టెక్కించలేదు. బేరిపండు తీరు వేరు, కోశాకే ఇంట్లో మగ్గుతుంది. చీజ్‌తో బేరిపండు ఎంత బాగుంటుందో రైతుకి తెలియనివ్వకు అని ఇటలీలో ఒక సామెత. దాని మీద చరిత్రకారుడు మాస్సిమో మొంతనారి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఒకప్పుడు చీజ్ పల్లెజనం తిండి, నిలవుండని మేలురకం బేరిపళ్లు దొరల బల్ల మీదివి; ఆ రెండూ కలిస్తే అంతస్తుల గీత చెరిగిపోతుంది. రుచి లెక్క మాత్రం తేలికే. చీజ్‌లోని ఉప్పు చేదుని అణచి తీపిని పైకి తెస్తుంది, కొవ్వు పులుపు పదునుని తగ్గిస్తుంది. పైన తేనె పోయడం ఈమధ్య ఫ్యాషనైంది గానీ, పండు నిజంగా పండితే దాంతో పనిలేదు.

పెరుగన్నంలో మామిడిపండు నంజుకునే తెలుగువాళ్లకి ఈ జోడీ గురించి ఒప్పించాల్సింది పెద్దగా లేదు. పాలూ పండూ విరుద్ధాహారం కదా అంటే, ఆయుర్వేదం ముఖ్యంగా అభ్యంతరపెట్టేది పాలతో పుల్లని పళ్లని. ఇక్కడ పాలు ముందే విరిగాయి, పండు తియ్యనిది. రికోటా ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న ఇంకాస్త న్యాయమైనది. గట్టి పెరుగుని పల్చని బట్టలో కట్టి రాత్రంతా వేలాడదీసి, చిటికెడు ఉప్పు కలిపితే సరిపోతుంది. అది రికోటా కన్నా పుల్లన, అయితే బంగినపల్లి తీపికి ఆ పులుపే కావాలి. ఆ మామిడి కండ గట్టిది, పీచు తక్కువ, పల్చగా కోసినా ముక్క నిలుస్తుంది. రసాల జోలికి మాత్రం పోవద్దు. వాటిని పిసికి జుర్రుకోవాల్సిందే, రొట్టె మీద నిలవవు.