పోస్ట్‌మాన్ ఎఫ్

మా నాన్న పోస్ట్‌మాన్. నరసరావుపేటలో తన బీటులో ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మజ్జిగ ఇస్తారో ఆయనకు కంఠతా వచ్చు. అలాంటి మనిషికి 2008 వేసవి సెలవుల్లో నేను పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని కార్లు దొంగిలించడం నచ్చలేదంటే ఆశ్చర్యమేముంది?

ఆ ఆట పేరు గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్. 2004లో ప్లేస్టేషన్ మీద, మరుసటి ఏడాది కంప్యూటర్ మీద వచ్చింది. పెద్దవాళ్ల కోసం చేసిన ఆట. (పిల్లలున్న ఇంట్లో పెట్టదగ్గది కాదని ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రిగా నేనే చెబుతున్నాను.) లాస్ ఏంజెలెస్‌ని పోలిన లాస్ శాంటోస్ నగరం, అందులో గ్రోవ్ స్ట్రీట్, ఆ వీధి కుర్రాడు సీజే. నాకు పిచ్చి పట్టింది ఆడటం మీద కాదు, ఆటను మార్చడం మీద. శానీ బిల్డర్ అనే సాఫ్ట్‌వేర్‌లో మనమే స్క్రిప్టు రాసుకోవచ్చు. క్లియో అనే చిన్న చేర్పు ఉంటే ఆట దాన్ని తనలో కలుపుకుని నడిపిస్తుంది. ఊరు వాళ్లది, కథ మనది.

నాన్న సణుగుడు పడలేక ఆయన్నే ఆటలోకి లాగుదామనుకున్నాను. సీజే చేతిలో తుపాకీ తీసేసి సైకిలెక్కించాను. గ్రోవ్ స్ట్రీట్‌లో బయల్దేరి 70 ఉత్తరాలు పంచాలి. తెర మీద ఇంగ్లిషులో ‘పోస్ట్‌మాన్’ అనీ, కింద మిగిలిన ఉత్తరాల లెక్కా. చక్కగా నడిచింది. అంతటితో ఊరుకోవచ్చుగా! మురిపెం కొద్దీ దాన్ని ‘పోస్ట్‌మాన్ నాన్న’ అని మార్చాను.

తెర మీద ‘పోస్ట్‌మాన్ ఎఫ్’ అని వచ్చింది.

నాన్న మాయం. ఒక ఉత్తరం ఇస్తే ఎఫ్ పోయి ఈ వచ్చింది. ఇంకోటి ఇస్తే డీ. రెండు రాత్రులు స్క్రిప్టంతా అటూ ఇటూ తిరగేశాను. స్పెల్లింగు సరిగ్గానే ఉంది. ఎక్కడా తప్పని చెప్పే సందేశం లేదు. తిట్టేవాడు ఉంటే తప్పు తెలుస్తుంది, ఇదేమో నోరు మెదపదు.

మూడో రోజు నాన్న డ్యూటీ దిగి, చెమట తుడుచుకుంటూ నా వెనక నిలబడ్డారు.

“ఎఫ్ ఏమిట్రా? ఫెయిలా?” అన్నారు.

నా గుండె జారింది. సెకండియర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. “ఏదో తప్పు పడింది నాన్నా” అని మాట మార్చాను.

ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, “ఇంకో ఉత్తరం ఇవ్వు” అన్నారు. ఇచ్చాను. “ఇంకోటి.” సీ. బీ. ఏ.

“ఉత్తరం తగ్గినప్పుడల్లా అక్షరం వెనక్కెళుతోంది. నీ లెక్కా, నా పేరూ ఒకే గూట్లో పడుతున్నాయేమో చూడు.”

పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే చెక్క గూళ్లుంటాయి కదా, ఆయన మనసులో ఉన్నవి అవి. కంప్యూటర్ సంగతి ఆయనకేం తెలుసు అనుకుంటూనే చూశాను. జరిగింది అక్షరాలా అదే.

ఈ స్క్రిప్టులో ఒక్కో గూడు నాలుగు బైట్లు, అంటే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు. పొట్టి మాటకు రెండు గూళ్లు కావాలి. అందులో ఏడు అక్షరాలు, చివర ‘ఇక్కడితో అయిపోయింది’ అని చెప్పే ఒక సున్నా పడతాయి. పోస్ట్‌మాన్ అంటే ఇంగ్లిషులో సరిగ్గా ఏడక్షరాలే. ఐదు, ఆరు గూళ్లలో సర్దుకుంది. ఏడో గూట్లో ఉత్తరాల లెక్క పెట్టాను. ‘నాన్న’ చేరేసరికి పొడుగు మాటల రకానికి మార్చాల్సి వచ్చింది. దానికి నాలుగు గూళ్లు కావాలి, ఐదు నుంచి ఎనిమిది దాకా. లెక్కను మాత్రం ఏడో గూట్లోంచి ఖాళీ చేయించడం మర్చిపోయాను. నాన్న కూర్చోవాల్సిన చోట 70 వచ్చి కూర్చుంది. కంప్యూటర్‌కు 70 అన్నా ఇంగ్లిషు పెద్ద ఎఫ్ అన్నా ఒకటే. 69 ఈ, 68 డీ, అలా 65 ఏ. ఆ గూట్లో మిగిలిన మూడు బైట్లూ సున్నాలు కాబట్టి మాట అక్కడితో అయిపోయిందనుకుంది.

లెక్కను తొమ్మిదో గూటికి పంపాను. తెర మీదకు నాన్న వచ్చేశారు.

ఆ ఉత్సాహంలో ‘ఇంకా 70 ఉత్తరాలు’ అని ఒకే వాక్యంగా చూపించబోతే ఈసారి ఆటే టపీమని మూతపడింది. వాక్యంలో అంకె రావాల్సిన చోట డీ గుర్తు పెట్టాలి. నేను మాటలకు పెట్టే ఎస్ గుర్తు పెట్టాను. మాట అంటే ఇక్కడ మాట కాదు, అది ఉన్న చోటి చిరునామా. దాంతో కంప్యూటర్ మెమరీలో 70వ నంబరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. మెమరీ మొదట్లో 64 కిలోబైట్ల మేర విండోస్ ఏ ప్రోగ్రామునూ అడుగు పెట్టనివ్వదు.

“డోరు నంబరు రాయాల్సిన చోట ఉత్తరాల లెక్క రాస్తే ఏ పోస్ట్‌మాన్ మాత్రం ఏం చేస్తాడ్రా” అన్నారు నాన్న.

ఆ రాత్రి అన్నాలయ్యాక తన సంచిలోంచి ఒక కవరు తీసి కీబోర్డు మీద పెట్టారు. కాలేజీ నుంచి, తండ్రి పేరున. మా ఇల్లు ఆయన బీటులోనే ఉంది కాబట్టి ఆయన ఉత్తరం ఆయనే తెచ్చుకున్నారు. పోస్టు ముద్ర చూస్తే వారం కిందటిది.

“ఇన్నేళ్లలో ఇంటికి చేర్చకుండా సంచిలో తిప్పిన ఉత్తరం ఇదొక్కటే. నా పేరున వచ్చింది కాబట్టి నేరం కాదులే. నువ్వే చెబుతావని చూశాను.”

నాకు మాట రాలేదు. ఏ సబ్జెక్టులని అడిగారు. చెప్పాను. “ఇంత ఓపిక దీని మీద ఉంది కదా” అని తెర వైపు చూపించి పడుకోవడానికి వెళ్లిపోయారు. పోయిన వాటిలో ఒకటి డేటా స్ట్రక్చర్స్, అంటే ఏది ఏ గూట్లో పెట్టాలో చెప్పే సబ్జెక్టే. ఆ సంగతి మాత్రం ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. సప్లిమెంటరీలో రెండూ గట్టెక్కాను.

స్క్రిప్టును మా స్నేహితుడికి ఇస్తే అక్కడ మరో చిక్కు. ఉత్తరానికి పది డాలర్ల చొప్పున సీజే జేబులో పడాలి. ఆ డబ్బు ఉండే చిరునామా బి7సీఈ50, నా స్క్రిప్టు నేరుగా అక్కడ రాసేది. వాడి దగ్గరున్నది అదే ఆట తర్వాతి కూర్పు. అందులో ఇళ్లన్నీ కాస్త జరిగాయి. నా డబ్బు ఎవరింట్లో పడిందో గానీ సీజే జేబు ఖాళీ, కాసేపటికి ఆట కూడా చెడిపోయింది.

“మనియార్డరు తెచ్చినవాడు పేరడక్కుండా ఇచ్చేసి వస్తాడా?” అన్నారు నాన్న. ఇది తొలి కూర్పేనా అని ఆటను అడిగే ఆదేశం క్లియోలో ఉంది. దాన్ని ముందు పెట్టాను. అవునంటేనే డబ్బు. కాదంటే ఉత్తరాలు ఉచితంగా పంచడమే.

నాన్న రిటైరై చాలా ఏళ్లయింది. మొన్న సంక్రాంతికి పాత హార్డ్‌డిస్కులోంచి దాన్ని బయటికి తీసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని 70 ఉత్తరాలూ అయ్యేదాకా చూశారు.

“అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒక్క కుక్క కూడా వెంటపడలేదేమిట్రా?”

నిజమే, ఆ ఊళ్లో కుక్కలు లేవు. ఎలా పెట్టాలో చూస్తున్నాను.