బీదర్‌లో బోవాకు ఇల్లెక్కడ?

అమెరికాలో ఉండే మనవాళ్లకు పెట్ షాపు గాజుపెట్టెలో చుట్ట చుట్టుకుని పడుకున్న పాము కొత్తేమీ కాదు. కుక్కల తిండి, చేపల తొట్టెలు దాటి లోపలికి వెళితే చివరి వరసలో బల్లులు, తాబేళ్లు, వాటి పక్కన కొండచిలువ పిల్లలు, బోవా పిల్లలు ఉంటాయి. అమెరికాలో పుట్టిన పిల్లలు అవి కావాలని మారాం చేస్తారు, కొందరు తల్లిదండ్రులు కొనిపెడతారు కూడా. ఆ పెట్టె ముందు తీసిన వీడియో బీదర్‌లోని మేనమామ ఇంటికి చేరేసరికి అక్కడి కుర్రాళ్లకూ ఆశ పుడుతుంది. అమెరికాలో పెంచుకోగా లేనిది మనం పెంచుకుంటే తప్పేమిటని అడుగుతారు. ఈ ప్రశ్నను కసిరి కొట్టడం న్యాయం కాదు. పాము అనగానే కర్ర వెతికే ఇళ్లలో పామును పెంచుకుందామన్న కోరిక కలగడం మంచి మార్పే. అయితే జవాబు చెప్పాల్సింది మన ప్రేమను చూసి కాదు, ఆ జీవికి మనం ఇవ్వగలిగే ఇంటిని చూసి. ఆ లెక్కన బీదర్‌లో విదేశీ బోవాను సరిగ్గా పెంచడం ఏ ఒకరిద్దరికో తప్ప సాధ్యం కాదని, ఆ నేలలోనే పుట్టిన బోవాకైతే మనం ఇల్లు కట్టనక్కర్లేదని నా వాదన.

ముందు ఆ పాము సంగతి చూద్దాం. బోవా కన్‌స్ట్రిక్టర్ మధ్య, దక్షిణ అమెరికా దేశాలది. విషం లేదు, పట్టుకున్న ఎరను చుట్టి బిగించి చంపుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. పుట్టినప్పుడు మూరెడు ఉండే పిల్ల, ఆడదైతే పెరిగి 6 నుంచి 8 అడుగులవుతుంది. బాగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది. ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో ఒక బోవా 40 ఏళ్లు దాటి బతికి 1977లో చనిపోయింది. ఇంటర్ చదివే కుర్రాడు ఈ రోజు ముచ్చటపడి తెచ్చుకున్న పాము, అతని పిల్లలు ఇంటర్‌కి వచ్చేనాటికీ ఉండవచ్చు. మధ్యలో పై చదువు, ఉద్యోగం, పెళ్లి, ఊరు మారడం అన్నీ ఉంటాయి. కుక్కపిల్లను పక్కింటివాళ్లు చూసుకుంటారు గానీ, ఎనిమిది అడుగుల పామును చూసుకుంటామని ముందుకొచ్చే బంధువులు ఎందరుంటారు?

ఇక ఇల్లు. పాము ఒళ్లు సాచి తిన్నగా పడుకోగలిగేంత పొడవు, కొమ్మ మీదికి పాకగలిగేంత ఎత్తు ఉన్న పెట్టె కావాలి. అంటే పెరిగిన బోవాకు మన దివాన్ మంచమంత చోటు. ఆ పెట్టెలో ఒక కొస వెచ్చగా 31, 32 డిగ్రీలు, రెండో కొస చల్లగా 25, 26 డిగ్రీలు ఉండాలి. పాము ఒంటికి సొంత వేడి లేదు. అరగడానికి వెచ్చని కొసకు, తేరుకోవడానికి చల్లని కొసకు అదే జరుగుతుంది. ఎంచుకునే ఆ వీలు తీసేస్తే తిన్నది అరగక కక్కేస్తుంది, చలికి ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. రెండు కొసల్లోనూ ఇరుకుగా దూరి దాక్కునే గూళ్లు ఉండాలి. దాక్కునే చోటు ఒకవైపే ఉంటే భయపడ్డ పాము వేడికో చలికో ఓర్చుకుని అక్కడే ఉండిపోతుంది. వేడినిచ్చే పరికరం ఏదైనా థర్మోస్టాట్ లేకుండా నడపకూడదు, ఎందుకంటే పొట్ట కాలిపోతున్నా పాము అక్కడే పడుకుని ఉండటం అరుదు కాదు. గాలిలో తేమ 60, 70 శాతం ఉండాలి. తేమ చాలిందో లేదో కుబుసం చెబుతుంది. అన్నీ కుదిరితే మేజోడు విప్పినట్టు తలనుంచి తోకదాకా ఒక్క ముక్కగా వస్తుంది, కళ్ల మీది పారదర్శకమైన పొరలు రెండూ అందులోనే ఉంటాయి. తేమ తక్కువైతే పీలికలు పీలికలుగా ఊడుతుంది, కంటి పొరలు కళ్లకే అతుక్కుపోతాయి. విడిచిన కుబుసాన్ని వెలుతురుకు ఎత్తి ఆ రెండు పొరలు ఉన్నాయో లేదో చూడటం పెంచేవాడు మానకూడని పని.

ఈ కొలతలను బీదర్ వాతావరణం పక్కన పెట్టి చూస్తే చిక్కు తెలుస్తుంది. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన, ఎర్రటి జంబిటి రాతి పీఠభూమి మీద ఉన్న ఊరది. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ అడుగంటుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పది, పన్నెండు డిగ్రీలకు దిగే రోజులుంటాయి. పాముల పెంపకం పుస్తకాలు చాలావరకు చలిదేశాల్లో రాసినవి కాబట్టి పెట్టెను ఎలా వేడి చేయాలో పేజీలకు పేజీలు చెబుతాయి. బీదర్‌లో అసలు సమస్య వేసవిలో పెట్టెను ఎలా చల్లబరచాలన్నది. గది 38 డిగ్రీలుంటే చల్లని కొస అంటూ ఉండదు, థర్మోస్టాట్ చేయగలిగింది వేడినిచ్చే దీపం ఆర్పేయడం వరకే. ఏసీ వేస్తే వేడి తగ్గుతుంది, దాంతోపాటు తేమా పోతుంది. కూలర్ పెడితే తేమ పెరుగుతుంది, గాలి ఆడక పెట్టె అడుగున బూజు పడుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుంది గానీ ఏసీ నడవదు. ఇవన్నీ డబ్బుతో, శ్రద్ధతో పరిష్కరించలేనివని అనను. అద్దె ఇంట్లో, నలుగురు సర్దుకునే రెండు గదుల్లో, పరీక్షల మధ్య ఒక విద్యార్థి పాతికేళ్ల పాటు పరిష్కరిస్తూ పోగలిగినవి మాత్రం కావు.

తిండి విషయంలో ఇంకో తగవు ఉంది. బోవా ఎలుకల్ని తింటుంది. ఎదిగినదానికి మూడు, నాలుగు వారాలకు ఒకటి చాలు. అమెరికాలో గడ్డకట్టించిన ఎలుకల్ని ప్యాకెట్లలో అమ్ముతారు. వాటిని ఫ్రీజర్‌లోంచి తీసి, గోరువెచ్చని నీళ్లలో ఒంటి వేడి వచ్చేదాకా ఉంచి, పొడవాటి పటకారుతో అందిస్తారు. ప్రాణంతో ఉన్న ఎలుకను వదిలితే అది పాము ఒళ్లు కొరికి పుండ్లు చేస్తుంది. మన ఇళ్లలో పెరుగు, ఇడ్లీ పిండి పెట్టుకునే ఫ్రిజ్‌లో ఎలుకల పొట్లానికి చోటెవరిస్తారు? పోనీ వేరే ఫ్రీజర్ కొనగలరనుకుందాం, వైద్యం మాటేమిటి? కర్ణాటక పశువైద్య, మత్స్య విశ్వవిద్యాలయం కేంద్రస్థానం బీదర్‌లోనే ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, అది ఆ ఊరికి గర్వకారణం. కానీ దేవణి ఆవులు, గేదెలు, మేకల మీద బతికే ప్రాంతానికి కావాల్సిన వైద్యం వేరు, సరీసృపాల వైద్యం వేరు. బోవాలకు వైరస్ వల్ల వచ్చే ఐబీడీ అనే జబ్బుకు ఇప్పటికీ మందు లేదు. అది పట్టిన పాము నెలల తరబడి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

చట్టం మాట. విదేశీ బోవాను ఉంచుకోవడాన్ని మన దేశం పూర్తిగా నిషేధించలేదు. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ విదేశీ జీవుల్ని స్వచ్ఛందంగా ప్రకటించమని ఆరు నెలల గడువిచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, వన్యజీవుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ సైటీస్ ఒప్పందంలోని జీవులన్నిటినీ చట్టం కిందికి తెచ్చింది. బోవా వాటిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి జీవి చేతికొచ్చిన 30 రోజుల్లో పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, అది పిల్లల్ని పెట్టినా చనిపోయినా చెప్పాలి. ఇదంతా కాగితాల గోల అని విసుక్కునేవాళ్లున్నారు. ఒక్క కాన్పులో పాతిక పిల్లల్ని కనగల జీవి విషయంలో లెక్క అడగడం అతి కాదు. పైగా కాగితం లేని పాము ఎక్కణ్నుంచి వస్తుందో అందరికీ తెలుసు. 2024 ఏప్రిల్‌లో బ్యాంకాక్ నుంచి బెంగళూరు దిగిన ఒక ప్రయాణికుడి సామానులో కస్టమ్స్ వాళ్లకు పది పసుపు అనకొండలు దొరికాయి. అవీ బోవా కుటుంబానివే. సూట్‌కేసులో కుక్కి తెచ్చిన పాముకు ఎంత మంచి పెట్టె కట్టినా తొలి అన్యాయం మాసిపోదు.

అమెరికాలో హాయిగా పెంచుకుంటున్నారు కదా అన్న ఆక్షేపణకు అమెరికాయే జవాబు చెబుతోంది. దక్షిణ ఫ్లోరిడాలో పెంపుడు వ్యాపారం ద్వారా వచ్చిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో చిన్న జంతువుల్ని ఊడ్చిపెట్టాయి. మయామీ పరిసరాల్లో బోవాలు 1970ల నుంచే కాపురం పెట్టాయి. కరీబియన్ దీవి అరూబాలో 1999లో తొలిసారి కనబడ్డ బోవా ఇప్పుడు దీవంతా పాకింది. 2012లో బర్మా కొండచిలువ సహా కొన్ని పెద్ద పాముల దిగుమతిని అమెరికా ఆపేసింది. స్వేచ్ఛగా అమ్మనిచ్చిన దేశం నష్టం చూశాక కళ్లెం వేసుకుంది. బ్రిటన్‌లో 2006 నాటి జంతు సంక్షేమ చట్టం పెంచేవాడి మీదే భారం పెట్టింది. తగిన ఇల్లు, తగిన తిండి, సహజంగా మెలిగే వీలు, నొప్పి, జబ్బుల నుంచి రక్షణ చూపించలేకపోతే తప్పు అతనిదే. మనం బయటి దేశాల నుంచి నేర్చుకోవాలనుకుంటే షాపుల్ని కాదు, ఈ బాధ్యతను ముందు నేర్చుకోవాలి.

ఇప్పుడు బీదర్ నేలలోనే పుట్టిన బోవా దగ్గరికి వద్దాం. మనం రెండు తలల పాము అనేది బోవాల బంధువర్గానిదే. దానికి రెండు తలలు లేవు. తోక మొద్దుబారి తలలాగే ఉంటుంది. బెదిరితే తలను చుట్టల కింద దాచి తోకను ముందుకు పెడుతుంది, శత్రువు దెబ్బ తోకకు తగలనిస్తుంది. మీటరుకు మించి పెద్దగా పెరగదు, విషం లేదు. కంది, సోయా, జొన్న చేల గుల్ల మట్టిలో దూరి ఎలుకల్ని తింటుంది. దీన్ని ఇంట్లో పెట్టుకుంటే లక్ష్మి వస్తుందని, బరువును బట్టి కోట్లు పలుకుతుందని పుట్టిన పుకారు దాని ప్రాణాల మీదికొచ్చింది. వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ భారత విభాగం 2016 నుంచి 2021 వరకు వార్తల్ని జల్లెడ పట్టి, 18 రాష్ట్రాలు, ఒక కేంద్రపాలిత ప్రాంతంలో ఈ పాము పట్టుబడ్డ ఘటనలు 172 లెక్క తేల్చింది. అన్నిటికంటే ఎక్కువ బీదర్ సరిహద్దు దాటితే వచ్చే మహారాష్ట్రలోవే. పట్టుబడనివి ఎన్నో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇదే పామును అమెరికాలో, యూరప్‌లో పెట్టెల్లో పెంచుతారు, పిల్లల్ని తీయించి అమ్ముతారు, నేరం కాదు. పుట్టిన నేల మీద పెంచితే నేరమెలా అవుతుంది? తేడా ఇక్కడుంది. అక్కడ అమ్మే పిల్లలు చాలావరకు తరాలుగా పెట్టెల్లో పుట్టినవాటి సంతానం. ఇక్కడ ఎవరి చేతిలో ఉన్నా అది చేను తవ్వి తీసిందే. ఇల్లు లేని జీవికి ఇల్లివ్వడం వేరు, ఇల్లున్నదాన్ని పట్టుకొచ్చి అద్దాల్లో పెట్టడం వేరు. కాపాడుతున్నామని చెప్పుకున్నా రైతుకు ఎలుకల బెడద పెరగడం, పొలంలో ఒక తరం పాము పిల్లలు తగ్గడం ఆగవు. ఇంకో ప్రమాదమూ ఉంది. దీని దగ్గరి బంధువైన మచ్చల మట్టిపాము చూడటానికి రక్తపింజరిలా ఉంటుంది. మట్టిపామని చేతిలోకి తీసుకున్నది రక్తపింజరి అయితే ప్రాణం పోతుంది. బీదర్ ఉన్న కర్ణాటక 2024లో పాముకాటును ప్రభుత్వానికి విధిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చిందంటే ఆ ప్రమాదం చిన్నది కాదని తెలుస్తుంది.

పాముల మీద నిజమైన ఇష్టమున్నవాళ్లకు దారులు లేకపోలేదు. 1995 నుంచి హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఇళ్లలో దూరిన పాముల్ని పట్టి అడవిలో వదులుతోంది. బీదర్ నుంచి అది మూడు గంటల దారి. కర్ణాటకలోనే ఆగుంబెలో 2005 నుంచి వర్షారణ్య పరిశోధన కేంద్రం నడుస్తోంది. అక్కడ పాము దాని ఇంట్లోనే ఉంటుంది, చూడటానికి మనమే వెళతాం. ఇదంతా విన్నాక కూడా విదేశీ బోవాను చట్టప్రకారం పెంచి తీరతాననే వారికి నా సలహా ఒక్కటే. ముందు పెట్టె కట్టండి, పాము తేకండి. ఖాళీ పెట్టెను ఉగాది నుంచి ఉగాది దాకా నడపండి. రెండు కొసల వేడి, తేమ రోజూ పొద్దున, రాత్రి రాయండి. మే నెల మధ్యాహ్నం, జనవరి తెల్లవారుజాము, కరెంటు పోయిన రాత్రి, మీరు ఊళ్లో లేని వారం, అన్నీ ఆ పుస్తకంలో ఉండాలి. అంకెలు ఏడాది పొడుగునా నిలబడితేనే పామును తెచ్చే అర్హత వచ్చినట్టు. ఇక చేలో రెండు తలల పాము కనిపిస్తే దాని దారిన దాన్ని పోనివ్వండి. కోట్లిస్తామని ఎవరైనా బేరానికి వస్తే అటవీ శాఖకు ఫోన్ చేయండి.