పొగ కమ్మిన కార్తీకం

చెట్టు నీడన భోజనాలు చేయాల్సిన నెలలో తలుపులు బిగించుకుని కూర్చోవలసి వచ్చింది. 2019 నవంబర్ తొలి వారం ఢిల్లీ తెలుగు కుటుంబాలకు అలా గడిచింది. ఆ తర్వాత ఏటా కార్తీకం వస్తోందంటే అదే బెంగ.

ఢిల్లీలో చలికాలం రాకను ముందుగా పసిగట్టేది ముక్కు. అక్టోబర్ రెండో వారం దాటేసరికి రోడ్ల వెంట ఏడాకులపాల చెట్లు విరగబూస్తాయి. రాత్రయితే ఆ వాసన కాలనీలను ముంచెత్తుతుంది. కొందరికది మత్తు, మరికొందరికి తలనొప్పి. ఫ్యాన్లు ఒక్కొక్కటీ ఆగిపోతాయి. అటక మీది రజాయిలు దిగివచ్చి ఎండకెక్కుతాయి. మెట్రో స్టేషన్ల బయట తోపుడుబండ్ల మీద చిలగడదుంపలు బొగ్గులపై కాలుతుంటాయి. ముక్కలు కోసి, మసాలా చల్లి, నిమ్మకాయ పిండి దొన్నెలో పెట్టిస్తారు. ఈ లేత చలికి హిందీవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు గులాబీ చలి. ఇక కూరగాయల దుకాణంలో ఉసిరికాయలు కనిపించాయంటే తెలుగింటి ఇల్లాలు పంచాంగం తిరగేయాల్సిన పని లేదు. కార్తీకం వచ్చేసినట్లే.

హస్తినలో తెలుగువారిది పాత కాపురమే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ మొదలైంది 1948లో. తిరుమల తిరుపతి దేవస్థానం వెంకటేశ్వర కాలేజీని స్థాపించింది 1961లో. కేంద్ర ప్రభుత్వ కొలువులకు వచ్చిన తొలి తరం సరోజినీ నగర్, ఆర్కేపురం క్వార్టర్లలో సర్దుకుంది. రిటైరయ్యాక మయూర్ విహార్, ద్వారకా సొసైటీల్లో ఫ్లాట్లు కొనుక్కుంది. పిల్లల తరం నోయిడా, గుర్‌గావ్ కంపెనీల చుట్టూ చేరింది. వీరందరినీ ఏడాదికోసారి ఒకచోట కూర్చోబెట్టేది ఆంధ్రాభవన్ భోజనం తర్వాత కార్తీక వనభోజనాలే. నిజానికి వనభోజనాలకు కోస్తా జిల్లాల కన్నా ఢిల్లీయే అనువైన చోటని పాతకాపులు వాదిస్తారు. అక్కడ కార్తీకమంటే తుపాను భయం. ఇక్కడ మధ్యాహ్నపు ఎండ వీపుకు వెచ్చగా తగులుతుంది. నెహ్రూ పార్కు, లోధీ గార్డెన్, బుద్ధ జయంతి పార్కు పచ్చిక మీద దుప్పట్లు పరుచుకుని పులిహోర, గుమ్మడికాయ పులుసు వడ్డించుకుంటే ఊరు గుర్తు రావడం ఖాయం. కనీసం ఒకప్పుడు అంతే.

2019లో దీపావళి అక్టోబర్ 27, ఆదివారం. బాణసంచాను రాత్రి 8 నుంచి 10 గంటల మధ్యే కాల్చాలన్న సుప్రీంకోర్టు ఆదేశాన్ని నగరం ఏ మేరకు పాటించిందో ఆ రాత్రి కిటికీ దగ్గర నిలబడిన వారందరికీ తెలుసు. పొగ మర్నాటికి పోతుందిలే అనుకున్నారు. పోలేదు. గురువారం నాగుల చవితి. ఢిల్లీలో పుట్ట దొరకడమే కష్టం కాబట్టి గుళ్లో నాగ ప్రతిమకే పాలు పోస్తారు. ఉదయం చిమ్మిలి డబ్బాతో బయల్దేరినవారికి వీధి చివరి ఇల్లు మసగ్గా కనిపించింది. మంచు కాదది. మంచుకు కాలిన వాసన ఉండదు.

శుక్రవారం, నవంబర్ 1న మాట బయటపడింది. సుప్రీంకోర్టు ఆదేశాలతో ఏర్పాటైన కాలుష్య నియంత్రణ సంస్థ ఈపీసీఏ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. నిర్మాణాలన్నీ ఆపేయమంది. ఢిల్లీలో 5వ తేదీ వరకు స్కూళ్లు మూశారు. నోయిడా, ఘజియాబాద్, గుర్‌గావ్‌లు కూడా అదే బాట పట్టాయి. పిల్లలకు 50 లక్షల మాస్కులు పంచే పని ముఖ్యమంత్రి కేజ్రీవాల్ మొదలుపెట్టారు. కొవిడ్ ఇంకా రాలేదు. అందుకే మూతికి మాస్కు కట్టుకుని అద్దంలో చూసుకోవడం పిల్లలకప్పుడు ఆటగా ఉంది. పెద్దలకు ఏమాత్రం ఆటగా లేదు.

ఆ వారం ఇళ్లలో నడిచిన గొడవల్లో ఒకటి తెలుగువారికే ప్రత్యేకం. కార్తీక స్నానం సూర్యోదయానికి ముందే చేయాలి. దీపం కూడా అప్పుడే. బాల్కనీలో తులసి కుండీ ముందు పెట్టినా దీపం ఆరుబయట వెలగాలి. గాలి అన్నిటికన్నా విషంగా ఉండేదీ ఆ వేళే. రాత్రి చల్లబడిన గాలి పైకి లేవలేక నేలను పట్టుకుని ఉంటుంది. దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే తప్ప ఆ మూత తొలగదు. ఊరి నుంచి కొడుకింటికి వచ్చిన నాయనమ్మకు ఈ భౌతికశాస్త్రం ఎవరు చెప్పాలి? తలుపు తీస్తే గదిలోకి పొగ వస్తుందని కోడలు. తీయకపోతే దీపమెలా పెట్టేదని అత్తగారు. అగరొత్తులు కూడా వద్దని బడిలో నేర్చుకున్న మనవడు. రాజీ సాధారణంగా ఇలా కుదిరేది: దీపం ఎనిమిది గంటలకు, తలుపు రెండు నిమిషాలు. దేవుడు ఆలస్యాన్ని క్షమించడని భయపడే వయసువారు దగ్గును లెక్కచేయరు.

నాయనమ్మలకు అసలు మింగుడుపడనిది మరొకటుంది. పంజాబ్, హర్యానా పొలాల్లో వరి కోతలయ్యాక కొయ్యలకు నిప్పు పెడుతున్నారని, ఆ పొగే వాయవ్య గాలులతో ఇక్కడికి వస్తోందని టీవీలో చూశారు. "గడ్డిని ఎవరైనా తగలేస్తారట్రా? మరి పశువులేం తింటాయి?" గోదావరి జిల్లాల్లో పుట్టిన మనిషికి ఆ ప్రశ్న సహజం. వాకిట్లో గడ్డివాము ఎంత ఎత్తుంటే ఆ ఇంటికంత పరువు. నిప్పు పడితే ఊరంతా బిందెలతో పరుగెత్తేది.

పంజాబ్ లెక్క వేరు. అక్కడి పశువులకు గోధుమ పొట్టు అలవాటు. బాస్మతి కాని వరి గడ్డిలో సిలికా ఎక్కువ. పశువులు అంతగా ఇష్టపడవు. హరిత విప్లవానికి ముందు అక్కడ వరి పెద్దగా లేదు కూడా. కంబైన్ హార్వెస్టర్ గింజను తీసుకుని కొయ్యలను నిలబెట్టి వెళ్లిపోతుంది. గోధుమ విత్తడానికి రైతు చేతిలో ఉండేది రెండు మూడు వారాలు. దీనికి 2009 నాటి చట్టం తోడైంది. అడుగంటుతున్న భూగర్భజలాలను కాపాడేందుకు జూన్ 10కి ముందు నాట్లు వేయరాదని పంజాబ్ ఆంక్ష పెట్టింది. నాట్లు వెనక్కి జరిగితే కోతలూ జరుగుతాయి. మంటలు సరిగ్గా గాలి స్తంభించే రోజులకు వచ్చి పడ్డాయని పరిశోధకులు చెబుతారు. నీటిని కాపాడబోతే గాలి మీదకు వచ్చింది. కొయ్యల మధ్యే విత్తే హ్యాపీ సీడర్ వంటి యంత్రాలకు కేంద్రం 2018లో సబ్సిడీ పథకం తెచ్చినా అగ్గిపుల్ల కన్నా చవకైన యంత్రమేదీ లేదు. సఫర్ సంస్థ అంచనా ప్రకారం నవంబర్ 1న ఢిల్లీ గాలిలోని సూక్ష్మధూళిలో ఈ పొగ వాటా 40 శాతం దాటింది.

దీన్ని కార్చిచ్చు అనడానికి లేదు. ఎండిన అడవి తనంతట అంటుకున్నది కాదు. మనిషి తేదీ చూసుకుని పెట్టే నిప్పు ఇది. మనం నిశ్చింతగా ఉండాల్సిన సంగతీ కాదు. కంబైన్లు తెలుగు నేల మీదకూ వచ్చాయి. వరి కొయ్యలు కాల్చవద్దని తెలంగాణలో వ్యవసాయాధికారులు రైతులకు చెప్పాల్సి వస్తోంది. గడ్డివాముల కథలు చెప్పే నాయనమ్మ తన ఊళ్లో ఇప్పుడు వాములెన్ని ఉన్నాయో ఓసారి లెక్కపెట్టాలి.

నవంబర్ 3. కార్తీకంలో తొలి ఆదివారం. వనభోజనాలకు అనువైన రోజు. గాలి నాణ్యతా సూచీ 494. ఆ సూచీ కొలత 500తో ఆగిపోతుంది. 400 దాటితేనే 'తీవ్రం'. దారి కనిపించక 30కి పైగా విమానాలను జైపూర్, అమృత్‌సర్, లక్నోల వంటి చోట్లకు మళ్లించారు. తెల్లవారుజామున యమునలో ఛఠ్ పూజకు నిలబడ్డ బీహారీ మహిళలకు ఆ రోజు ఉదయించాల్సిన సూర్యుడు సరిగా కనిపించనే లేదు. వారు మాత్రం వ్రతం మానలేదు. అరుణ్ జైట్లీ స్టేడియంలో భారత్, బంగ్లాదేశ్ టీ20 మ్యాచ్ కూడా ఆగలేదు. బంగ్లాదేశ్ గెలిచింది. తెలుగిళ్లలో మాత్రం ఫోన్లు మోగాయి. పార్కు వద్దు, ఎవరింట్లోనైనా కలుద్దామని కొందరు. అసలు కదలొద్దని మరికొందరు. ముందురోజే నానబెట్టిన చింతపండు ఉంది కాబట్టి పులిహోర తప్పలేదు. డ్రాయింగ్ రూమ్ నేల మీద విస్తళ్లు వేసుకుని, ట్యూబ్‌లైట్ వెలుగులో తిన్నారు. దాన్ని వనభోజనమని పిలవడానికి పిల్లలు కూడా ఒప్పుకోలేదు.

మర్నాడు తొలి కార్తీక సోమవారం. సరి-బేసి పథకం మొదలైందీ ఆ రోజే. కారు నంబర్ చూసుకుని గుడికి బయల్దేరాలి. అదే రోజు సుప్రీంకోర్టు పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలను నిలదీసింది. పొలాలు తగలబెట్టని చిన్న రైతులకు క్వింటాల్‌కు 100 రూపాయల చొప్పున ఇవ్వమని 6వ తేదీన ఆదేశించింది.

తలుపులు బిగించుకోవడమూ ఒక సౌకర్యమేనని ఆ వారం తెలిసొచ్చింది. పది వేల రూపాయల దగ్గర మొదలయ్యే ఎయిర్ ప్యూరిఫయర్ ఇంటికొకటి కాదు, గదికొకటి కావాలి. ఒక్కటే ఉన్న ఇంట్లో అందరూ పిల్లల గదిలోకి చేరి పడుకున్నారు. ఓల్డ్ రాజేంద్రనగర్‌లో సివిల్స్‌కు చదువుకునే తెలుగు కుర్రాళ్లకు కిటికీ ఉన్న గది దొరకడమే అదృష్టం. వారు తడి తువ్వాలు గుమ్మానికి వేలాడదీసి చదువుకున్నారు. తడి తువ్వాలు సూక్ష్మధూళిని ఆపదు. ఆపుతుందన్న నమ్మకం మాత్రం ఇస్తుంది. పనిమనిషి ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ రాత్రిళ్లు ఎండుటాకులు పోగేసి చలి కాచుకున్నాడు. అది నేరమని సొసైటీ నోటీసు అంటించింది. అతనికి హీటర్ మాత్రం ఇవ్వలేదు.

5వ తేదీ తర్వాత గాలి కదిలింది. సూచీ 200 దరిదాపులకు దిగింది. స్కూళ్లు తెరిచారు. ఊపిరి పీల్చుకున్నామని అంతా అనేలోగానే కార్తీక పౌర్ణమి నాటికి మళ్లీ 400 దాటింది. 14, 15 తేదీల్లో మళ్లీ సెలవులు.

ఆ తర్వాత చాలా మారింది. 2020లో ఈపీసీఏ పోయి దాని స్థానంలో గాలి నాణ్యతా నిర్వహణ కమిషన్ వచ్చింది. ఉపగ్రహాలు లెక్కపెట్టిన పంజాబ్ మంటలు 2021లో 71,304. అవి 2023లో 36,663కు, 2024లో 10,909కు తగ్గాయి. 2025లో అందులో సగానికి కూడా రాలేదు. ఉపగ్రహం పైనుంచి దాటిపోయాక సాయంత్రం నిప్పు పెడుతున్నారని అనుమానించే పరిశోధకులూ ఉన్నారు. అంకెలను పూర్తిగా నమ్మినా తిరకాసు అలాగే ఉంది. మంటలు ఇంతగా తగ్గిన 2024లోనే నవంబర్ 18న ఢిల్లీ సూచీ మళ్లీ 494. అంటే మిగతాది నగరం సొంత సంపాదన: వాహనాలు, దుమ్ము, చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు, థర్మల్ కేంద్రాలు, చెత్త మంటలు. పంజాబ్ రైతును తిట్టడం సులువు. ఇంట్లో రెండో కారు అమ్మేసిన కుటుంబాలు అరుదు.

2025 నవంబర్ 9 కూడా కార్తీక ఆదివారమే. ఆ సాయంత్రం ఇండియా గేట్ దగ్గరకు తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. విస్తళ్లతో కాదు, ప్లకార్డులతో. అక్కడ నిరసనకు అనుమతి లేదని పోలీసులు చాలామందిని బస్సులెక్కించి తీసుకెళ్లారు. పెద్దపల్లెల్లోనో చిన్నపట్నాల్లోనో తాతయ్యల ఇళ్లున్న కుటుంబాలకు మరో దారి ఉంది. నవంబర్‌లో పిల్లలను అక్కడికి పంపేయడం. బదిలీ అడిగేవారు, హైదరాబాద్ ఆఫీసుకు మారిపోయేవారు ఉన్నారు. ఉద్యోగం ఇక్కడే ఉన్నవారు మాత్రం పార్కు బదులు సొసైటీ కమ్యూనిటీ హాలు బుక్ చేసుకుంటున్నారు. వనభోజనానికి ఉసిరి చెట్టు ఉండాలి కాబట్టి నర్సరీలో కుండీ మొక్క కొని, హాలు మధ్యలో పెట్టి, దాని చుట్టూ కూర్చుంటారు. ఆ మొక్క మోకాలెత్తు కూడా ఉండదు. భోజనాలయ్యాక దాన్నెవరు ఇంటికి తీసుకెళ్లాలన్నది ఏటా తేలని వ్యవహారం.